చెవితో కాఫీ గింజలు వేయించిన నర్సమ్మగారు

ఆ రోజు పొద్దున్న మేడ మీద ట్యాంకు నిండిపోయి గోడ వెంట నీళ్ళు కారుతున్నా ఓనరుగారు మోటారు కట్టలేదు. నీళ్ళు వృథా అయితే వీధి చివరిదాకా వినబడేలా కేకలేసే మనిషి ఆయన. స్విచ్చుబోర్డు ముందే నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని, "ఊఁ... ఊఁ..." అంటున్నారు. మా అమ్మ వెళ్ళి మోటారు కట్టింది. అప్పుడాయన మా వైపు తిరిగి, "నర్సమ్మగారు పోయేరంటమ్మా," అన్నారు.

ఆవిడ ఎస్. రాయవరంలో తమ్ముడి ఇంటికి వెళ్ళి ఉన్నారు. తమ్ముడి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని పిలిస్తే వెళ్ళారు. ఫంక్షను అయింది. రాత్రి అందరితో కలిసి భోంచేసి పడుకున్నారు. తెల్లారి లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారట.

నర్సీపట్నంలో మేమూ ఆవిడా ఒకే ఇంట్లో కింది వాటాల్లో అద్దెకుండేవాళ్ళం. మధ్యలో ఒక గోడ, వెనకాల ఇద్దరికీ ఒకటే పెరడు. ఆవిడ కొయ్యూరు వైపు ఏజెన్సీ ఊళ్ళలో చాలా ఏళ్ళు ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. వీధిలో ఎవరూ ఆవిడని పేరుతో పిలవగా నేను వినలేదు. చిన్నప్పుడు కాన్వెంటు అలవాటు కొద్దీ నేను ఒకసారి "సిస్టర్" అన్నాను. "సిస్టరంటే నీకు బెత్తం గుర్తొస్తాదేమో. నా దగ్గర సూదే ఉంది. నర్సమ్మా అను," అన్నారు. అప్పట్నుంచి నాకూ నర్సమ్మగారే.

కరోనా వచ్చి తగ్గాక మా వీధిలో చాలామందికి వాసన పోయి, కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. ఆవిడకి రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళారు, మందులు వాడారు, లవంగాలు, కర్పూరం, నిమ్మతొక్క రోజూ ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. ఏమీ తెలిసేది కాదు. దాని గురించి పెద్దగా మాట్లాడేవారు కాదు. మాకు తెలిసింది కూడా గ్యాసు సంగతి జరిగాకే.

ఒక మధ్యాహ్నం పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆవిడ ముందుగదిలో పేపరు చదువుకుంటున్నారు. గ్యాసు వస్తూనే ఉంది. మేడ దిగుతున్న ఓనరుగారికి వాసన తగిలి, లోపలికి పరుగెత్తి, పొయ్యి కట్టి, తలుపులూ కిటికీలూ బార్లా తీశారు.

"ఏటండీ నర్సమ్మగారూ! ఇల్లేటయిపోవాలండీ? అగ్గిపుల్ల గీసుంటే మనందరికీ ఒకటే ముహూర్తం!"

ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చారు. మళ్ళీ పీల్చారు. తల అడ్డంగా ఊపారు. పెరట్లో ఉన్న నాకు కూడా తెలుస్తున్న వాసన ఆ గదిలో నిలబడ్డ ఆవిడకి అందలేదు.

మర్నాడే తమ్ముడు మోటారుసైకిలు మీద వచ్చారు. చెరుకు రైతు. అక్కంటే ప్రాణం, కోపం కూడా దానివల్లే.

"ఒంటరిగుండి ఏటి బాగుపడ్డావక్కా? పద మా ఇంటికి. నీ మరదలు వండి పెడతాది, నువ్వు తిను."

"మీ ఇంటికొచ్చి నానేటి సేయాలి?"

"ఏటీ సేయక్కర్లేదు. కూకో."

"అదేరా నా బాధ," అన్నారు ఆవిడ.

ఆయన గ్యాస్ బండ విప్పి, బండి వెనక తాడుతో కట్టుకుని వెళ్ళిపోయారు. చెరుకు కోతలయ్యాక వచ్చి సామాను తీసుకెళ్తానని, అప్పటిదాకా మెస్సు నుంచి క్యారేజీ వస్తుందని చెప్పారు. క్యారేజీ వచ్చేది. ఆవిడ తినేవారు. గిన్నెలు కడిగి గుమ్మంలో పెట్టేవారు. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేక, ఖాళీ పొయ్యిని తుడిచేవారు. తన వంటింట్లో తన పొయ్యి తను వెలిగించుకోవడం తప్ప ఆవిడ ఇంకేమీ కోరుకోలేదు. కోతలయ్యేలోపు తమ్ముడికి నమ్మకం కలిగించకపోతే అది ఇక ఉండదు.

ఆ రోజుల్లోనే కొయ్యూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. ఆమెకి పురుళ్ళు పోసింది నర్సమ్మగారే. నర్సీపట్నం ఏ పని మీద దిగినా చింతపండో, పసుపు కొమ్ములో ఇచ్చి వెళ్ళేది. ఈసారి సంచీలో పచ్చి కాఫీ గింజలు తెచ్చింది. వాళ్ళ కొండ వాలులో, మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన కాసినవి. పైతోలు దంచి, చెరిగి తెచ్చింది. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. కాఫీలా అనిపించలేదు నాకు. పచ్చి బఠానీలు ఎండిపోతే అలా ఉంటాయి.

"ఇవి ఇంట్లో మీరెలగ సేసుకుంటారే?" అని నర్సమ్మగారు అడిగారు.

ఆమె నవ్వింది. "మేమేటి సేసుకుంటామమ్మా! షావుకారికి తూసి అమ్మేస్తాం. మేం తాగేది టీ."

ఆమె వెళ్ళాక నర్సమ్మగారు నన్ను పిలిచారు. నేను డిగ్రీ చదువుతూ, ఎక్కువ సేపు పెరటి మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. నాతో పని ఉంటే ఆవిడ గోడ మీద వేలితో కొట్టేవారు. "ఈటిని ఇంట్లో ఏపుకోడం ఎలగో ఫోనులో సూడు," అన్నారు. చూసి చదివి వినిపించాను. మందపాటి మూకుడు కావాలి, ఆపకుండా కలపాలి, పచ్చ రంగు పోయి గడ్డి రంగు వస్తుంది, తర్వాత దాల్చినచెక్క రంగు, అప్పుడు గింజలు చిట్లుతూ శబ్దం చేస్తాయి, ఆ శబ్దాన్ని బట్టి దింపుకోవాలి.

"శబ్దమా? మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాను.

ఆవిడ ఎందుకు రెండోసారి చదవమన్నారో నాకు ఆ రాత్రి పడుకున్నాక అర్థమైంది. మన వంటింట్లో ఏది వేయించినా వాసన వచ్చేదాకానే. రవ్వ కమ్మటి వాసన వచ్చేదాకా, పప్పు వాసన వచ్చేదాకా, వెన్న కాచినా వాసన వచ్చేదాకా. వంట నేర్పే అమ్మలందరూ ముక్కుతోనే నేర్పారు. ఈ గింజలకి మాత్రం చెవి చాలని ఎవరో రాసి పెట్టారు.

మర్నాడు ఆవిడే అన్నారు: "ముక్కు పోతే పోయింది. కడుపులో బిడ్డ గుండె గొట్టం పెట్టి విన్న సెవులివి. గింజ సప్పుడు వినబడదేటి?"

గ్యాసు లేదు కాబట్టి, అటక మీద ఉన్న బొగ్గుల కుంపటి దింపి పెరట్లో పెట్టాం. మొదటిసారి మేం చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. గింజలన్నీ సమంగా వేగాలంటే ఇసకలో వేయించాలి అన్నారావిడ. వేరుశనగకాయలు, మరమరాలు అలాగే కదా. పుస్తకాల పిల్లనైన నాకూ అది గొప్ప ఆలోచనలా కనిపించింది. ఇసక కడిగి, ఆరబెట్టి, మూకుట్లో కాల్చి గింజలు పోశాం. చక్కగా, సమంగా వేగాయి. ఇసక రాపిడిలో చిట్లిన శబ్దమొక్కటీ వినబడలేదు, రంగు చూసి దింపేశాం. జల్లెడ పట్టి, మిక్సీలో వేశాం. మిక్సీ నేనెప్పుడూ విననంత గోల చేసింది.

కాఫీ గింజకి చదునుగా ఉన్న వైపు నడిమధ్యన ఒక గాడి ఉంటుంది. వేరుశనగకాయకి అది లేదు. ఇసకంతా ఆ గాడిలో కూర్చుంది.

ఓనరుగారికి ఆవిడ ముందే మాటిచ్చారు కాబట్టి ఆ కాఫీ ఆయనకి ఇవ్వాల్సి వచ్చింది. ఒక గుక్క తాగి, నాలుకతో పళ్ళు తడుముకున్నారు.

"బాగుందండీ. ఏ రేవు ఇసకండీ ఇది, తాండవ ఏటిదేనా?"

"ఇల్లు కట్టినోరు, ఇసక మీకు తెలీకపోతే మరెవులికి తెలుస్తాది?" అన్నారు నర్సమ్మగారు. గ్యాసు సంగతి తర్వాత వాళ్ళిద్దరూ నవ్వుతూ మాట్లాడుకోవడం అదే మొదలు.

రెండోసారి వట్టి మూకుడు, గుప్పెడు గింజలు. గుప్పెడితోనే మొదలుపెట్టాలని అప్పుడు తెలిసింది. ఎక్కువ పోస్తే కిందవి మాడి పైవి పచ్చిగా ఉంటాయి. పాడైనా గుప్పెడే పాడవుతుంది. చెక్క గరిటె ఆపకూడదు. ఎవరొచ్చినా, ఫోను మోగినా ఆపకూడదు. "పురిటి నొప్పులొచ్చేక నర్సు కాఫీకి పోతాదేటి?" అనేవారు. ముందు గింజల్లోంచి ఆవిరి లేస్తుంది. తర్వాత సన్నటి పొట్టు ఊడి ఎగురుతుంది. ఆ పైన శబ్దం మొదలవుతుంది. ఆవాలు చిటపటలాడినట్టు ఉండదు. ఎండుపుల్ల విరిచినట్టు ఒకటి, ఆగి ఇంకొకటి, తర్వాత వరసగా చాలా. అవి సద్దుమణిగాక కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే దింపేయాలి. ఇంకా ఉంచితే రెండో చప్పుడు మొదలవుతుంది, సన్నగా, తొందరగా. అది వినబడిందంటే గింజ నల్లబడి నూనె కక్కుతుంది. మా ఇద్దరికీ అది నచ్చలేదు.

దింపాక మూకుట్లో ఉంచకూడదు, గింజ తన వేడికి తనే వేగిపోతూ ఉంటుంది. చేటలో పోసి చెరగాలి. చెరిగితే పొట్టు పోతుంది, వేడీ పోతుంది. ఇది ఫోనులో లేదు. వాళ్ళు ఫ్యాను పెట్టమన్నారు. చేట ఆవిడ ఆలోచన.

మొదట్లో నేను ముక్కు, ఆవిడ చెవి. కుంపటికి అటు ఆవిడ, ఇటు నేను.

"ఏటి వాసనొస్తంది?"

"ఎండుగడ్డి తడిసినట్టు ఉందండీ."

"తడిసిన గడ్డి నువ్వెప్పుడైనా వాసన సూసేవా, పుస్తకంలో సదివేవా?"

"చదివానండీ."

"పుస్తకంలోది వద్దు. నీ ముక్కులోది సెప్పు."

చాలా సేపు ఆలోచించాను. నేను ఎవరితోనైనా ఒక వాక్యం మాట్లాడాలంటే ముందు మనసులో కూర్చుకునే రకం. చివరికి, "వానాకాలంలో తడిసిన యూనిఫాం ఇస్త్రీ చేస్తే వచ్చే వాసనండీ," అన్నాను.

ఆవిడ గరిటె ఆపకుండానే నవ్వారు. "అదీ! ఇప్పుడు నాకు తెలిసింది."

అప్పట్నుంచి ఆదివారాలు నేను వాసనలు చెప్పడం, ఆవిడ వినడం. బ్రెడ్డు అంచు మాడినట్టు. బెల్లం పాకం ముదిరినట్టు. కొత్త పుస్తకం అట్ట. పెన్సిల్ చెక్కిన పొట్టు. కొన్ని మాటలకి ఆవిడ కళ్ళు మూసుకునేవారు. కొన్నిటికి, "అది అబద్ధం, ఇంకోటి సెప్పు," అనేవారు. వాసన తెలియని మనిషికి అది అబద్ధమని ఎలా తెలిసేదో నాకు తెలియదు, కాని ప్రతిసారీ సరిగ్గానే పట్టుకునేవారు. స్కూల్లో పన్నెండేళ్ళు "గొంతు పెంచి మాట్లాడు" అనిపించుకున్నాను. నేను ఏం చెప్తానా అని ఒక మనిషి గరిటె పట్టుకుని ఎదురుచూడడం మాత్రం ఆ పెరట్లోనే జరిగింది.

వేయించిన వెంటనే పొడి కొట్టి తాగితే పచ్చిగా, పుల్లగా ఉండేది. నేను నిరుత్సాహపడ్డాను. "ఇంజక్సనిచ్చిన యెంటనే జొరం దిగిపోతాదేటి? ఆగాల," అన్నారు. ఆగితే నిజంగానే బాగుపడింది. ఒకటి రెండు రోజులు గింజలు లోపలి గాలి వదులుతాయట. అది తెలియక స్టీలు డబ్బాలో బిగించి పెడితే, మూత ఠప్పున లేచి కింద పడి, మా అమ్మ పిల్లి దూరిందనుకుంది. ఆ తర్వాత మూత వదులుగా పెట్టేవాళ్ళం.

తాగేటప్పుడు ఆవిడకి ఏం తెలిసేదని ఒకసారి అడిగాను. "వేడి తెలుస్తాది. సేదు తెలుస్తాది. సాలు, ఈ సేదు బాగుంది," అన్నారు.

వారాలు గడిచే కొద్దీ ఆవిడ అడగడం తగ్గింది. ఒక ఆదివారం అసలు అడగలేదు. గింజలు దింపి, చెరిగి, ఒకటి తీసి గోటితో విరిచి చూశారు. లోపలా పైనా ఒకటే రంగు. నాకు చూపించి, మళ్ళీ చెరగడం మొదలుపెట్టారు. నా పని అయిపోయిందని నాకు అర్థమైంది. అయినా వెళ్ళి కూర్చునేదాన్ని.

కోతలు అయ్యాయి. తమ్ముడు వచ్చారు. ఆవిడ కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "ఇది నేనే ఏపేను. సూసి అప్పుడు సామానెత్తు," అన్నారు. ఆయన కాఫీ అంతా తాగారు.

"కుంపటి మీద ఆరుబయట ఎవులైనా సేస్తారక్కా. గేసు మీద, లోపల సేయి, సూస్తాను."

"బండ నువ్వే పట్టుకుపోయేవు. నువ్వే తే."

ఆ తర్వాతి ఆదివారం ఆయన బండ తెచ్చారు. దాంతోపాటు సామాను ఎత్తడానికి ట్రాలీ ఆటో కూడా మాట్లాడుకొచ్చారు. బండ ఉండిపోతే ఆటో ఖాళీగా వెళ్తుంది. లేకపోతే ఆవిడ మంచం, బీరువా, బండ, అన్నీ అందులో వెళ్తాయి.

"ఒక మాటక్కా. ముక్కున్న మనిషొకరు పక్కనుండాల. ఈ పాప ఉంటాదా?"

"ఉంటాది," అన్నారు ఆవిడ, నా వైపు చూడకుండా.

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం అక్కడ ఎవరికీ వింత కాదు. వెళ్ళి పొయ్యి పక్కన నిలబడ్డాను. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. ఓనరుగారు కిటికీ అవతల నిలబడ్డారు, మోటారు వంక పెట్టుకుని.

ఆవిడ కిటికీ తీశారు. ట్యూబు మీద సబ్బునీళ్ళు రాసి, బుడగలు రాలేదని తమ్ముడికి చూపించారు. పొయ్యి వెలిగించి, మూకుడు పెట్టి, గింజలు పోశారు. ఆవిరి లేచింది. రంగు మారింది. సరిగ్గా గింజలు చిట్లే వేళకి మా గేటు ముందు ఉల్లిపాయల ఆటో ఆగింది. మైకులో రికార్డు చేసిన గొంతు, ఆపకుండా, ఒకటే మాట. వంటింట్లో ఇంకేమీ వినబడలేదు.

"ఓలమ్మ," అన్నారు ఓనరుగారు, గేటు వైపు పరుగెత్తుతూ. "ఓయ్, ఎల్లెల్లు! మాకొద్దు! బేగి ఎల్లు!"

ఆవిడ కంగారు పడలేదు. గరిటెని పిడికిట్లోంచి వదిలి, మూడు వేళ్ళ కొసలతో పట్టుకున్నారు. మణికట్టు దగ్గర నాడి చూసే పట్టు అది. చిట్లే గింజలు చెక్కని తన్నుతుంటే ఆ వేళ్ళకి తెలుస్తోంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. చాలాసేపు అలాగే కలిపారు. మైకు ఇంకా అరుస్తూనే ఉంది. ఉన్నట్టుండి పొయ్యి కట్టి, రెగ్యులేటరు కట్టి, "కట్టేను," అని పైకి అని, గింజలు చేటలో గుమ్మరించారు.

తమ్ముడు లేచి వచ్చి ఒక గింజ తీసి విరిచారు. వేలి మీద పెట్టుకుని కిటికీ వెలుగులో చూశారు. తర్వాత నన్ను అడిగారు.

"పాపా, ఎక్కడైనా మాడిందా? గేసు వాసనేటైనా ఉందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

ట్రాలీ ఆటో ఖాళీగా వెళ్ళింది. ఉల్లిపాయల వాడి దగ్గర ఓనరుగారు సంచీ నిండా కొనుక్కొచ్చారు.

ఆ తర్వాత ఆవిడ పోయేదాకా ఆ పొయ్యి మీదే వండుకున్నారు. పాలు పెడితే పొయ్యి ముందు నుంచి కదిలేవారు కాదు. పని అయ్యాక రెగ్యులేటరు మీద చెయ్యి పెట్టి "కట్టేను" అనేవారు. గోడ ఇవతల మాకు వినబడేది. రోజులో చాలాసార్లు వినబడే ఆ మాట కోసం మేం ఎదురుచూస్తున్నామని ఆవిడ వెళ్ళాకే తెలిసింది. ప్రమాదం ఏదీ జరగలేదు. వాసన తిరిగి రాలేదు. వేయించిన గింజలు వీధిలో అడిగినవాళ్ళకి ఇచ్చేవారు. కొయ్యూరు ఆమెకి కూడా ఒకసారి గ్లాసులో పోసి ఇస్తే, తాగి, "మా గింజలేనా ఇవి?" అని ఆశ్చర్యపోయింది. రెండో గ్లాసు అడిగింది.

పెద్దకర్మకి అమ్మా నేనూ, ఓనరుగారి కుటుంబం ఎస్. రాయవరం వెళ్ళాం. భోజనాలయ్యాక తమ్ముడుగారు వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నారు. గుండు చేయించుకుని ఉన్నారు, ఆయన అని గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. చేతిలో తువ్వాలు మడత పెడుతూ, విప్పుతూ మాట్లాడారు.

"మా యక్క తనింట్లో తన సేత్తో వండుకుని తిని ఎల్లిపోయింది పాపా. లేకపోతే నాను తెచ్చి ఇక్కడ కూకోబెట్టీసుందును. ఆ రోజు నీ ముక్కు మీద నమ్మకంతోటే బండ వదిలీసేను. నువ్వు పక్కనున్నావు కదాని."

ఆయన లేచి, మజ్జిగ ఇంకా ఎవరికి అందలేదో చూడ్డానికి వెళ్ళారు.

ఆయన బండ తెచ్చిన ఆ ఆదివారం నాకు జలుబు. ముక్కు రెండు వైపులా మూసుకుపోయి, నోటితో ఊపిరి తీసుకుంటున్నాను. నర్సమ్మగారికి తెలుసు. తమ్ముడు రాకముందు, నా తల మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది ఆవిడే.